బట్టలు పెట్టే రోజు

నా మెడలో వేలాడే టేపును చూసి ఒక మనిషి వణకడం నేను మీరావలి దగ్గరే చూశాను.

గిద్దలూరు బజారులో కోటేశ్వరరావు శెట్టిగారి బట్టల దుకాణం ఉంది. దాని అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని బతికే దర్జీని నేను, గంగయ్యను. శెట్టిగారు నాకు జీతం ఇవ్వరు, నేను వారికి అద్దె ఇవ్వను. అందుకే నా నోటికి తాళం వేసేవాడు లేడు. మీరావలి అట్లా కాదు, లోపలి మనిషి. మీసం సరిగ్గా రాని వయసులో పనిలో చేరి, తల నెరిసేదాకా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపాడు. వాళ్ల నాయన సైకిలు మీద లుంగీలు వేసుకుని రాచర్ల చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మేవాడు. కొడుక్కి ఆ ఎండ బతుకు వద్దని తెచ్చి శెట్టిగారి నాయన చేతిలో పెట్టాడు.

మీరావలి అంత భయస్థుణ్ణి నేను చూడలేదు. గిరాకీ కాస్త గొంతు పెంచితే చాలు, తనే తప్పు చేసినట్టు నీళ్లు నమిలేవాడు. "చీరలమ్ముతున్నావా, దొంగతనం చేస్తున్నావా?" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. చేతిలో మాత్రం మంచితనం ఉండేది. పెళ్లి బట్టలకు ఆటో కట్టించుకుని వచ్చిన ఆడవాళ్లు ఎంతసేపు ఏరినా విసుక్కునేవాడు కాదు.

ఆ దుకాణంలో ఒక ఆచారం ఉంది. పని మానుకుని వెళ్లే మనిషికి బట్టలు పెట్టి పంపుతారు. పళ్లెంలో అతనికి సఫారీ గుడ్డ, ఇల్లాలికి చీర, పండ్లు, తాంబూలం. శెట్టిగారి భార్య తులసమ్మ తన చేత్తో అందిస్తుంది. సఫారీకి కొలతలు తీసేది నేను. ఒకప్పుడు సొంత కొట్టు పెట్టుకునేవాళ్లో, చూపు మందగించిన పెద్దవాళ్లో ఆ బట్టలు కళ్ల నీళ్లతో, సంతోషంగా తీసుకునేవాళ్లు. నాకూ ఆ రోజు పూటుగా భోజనం దొరికేది.

నిరుటి నుంచి ఆ పళ్లెం రంగు మారింది. శెట్టిగారి కొడుకు కిషోరు పైన అద్దాల అంతస్తు వేయించాడు. అక్కడ పరుపులు లేవు, నిలబడే అమ్మాలి, బిల్లు కంప్యూటరు వేస్తుంది. కింద పరుపుల వ్యాపారం ఎత్తేస్తామన్నాడు. ఎత్తేసేది పరుపులనా, వాటి మీద కూర్చున్న మనుషులనా అని ఎవరూ అడగలేదు. మీరావలి భుజాల మీద ఎక్కి పెరిగిన పిల్లవాడు కిషోరు. అందరినీ మామా, అన్నా అని పిలిచేవాడు. ఒకరోజు మీరావలి పక్క పరుపు మీద అమ్మే మనిషిని "ఏడుకొండలు గారూ" అన్నాడు. వారం తిరక్కుండా ఏడుకొండలుకు బట్టలు పెట్టారు. ఆ తర్వాత ఇంకొకరికి గారు తగిలింది. అతనూ వెళ్లాడు.

అప్పటి నుంచి మీరావలికి అన్నం సయించలేదు. షట్టరు తీయకముందే వచ్చి నా మిషను పక్కన నిలబడేవాడు. తను నమాజుకు పోయివచ్చేలోగా తన పరుపు చుట్టేస్తారేమోనని శుక్రవారాలు కూడా కదిలేవాడు కాదు. నేను దారం కోసం లోపలికి పోతే అతని కళ్లు నా మెడలోని టేపు మీదే ఉండేవి. "ఎవరికన్నా కొలతలకు పిలిచినారా అన్నా?" అని గొంతు తగ్గించి అడిగేవాడు. ఒకసారి వేళాకోళానికి "నీకే" అన్నాను. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నా పాడు నోటిని నేనే తిట్టుకున్నాను.

అతని భార్య లాల్బీ మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది. కూతురు సైమా ఒంగోల్లో నర్సింగు చదువుతోంది. ఈ వయసులో ఇంకెవరూ పనిలో పెట్టుకోరని మొగుడూపెళ్లాలిద్దరికీ తెలుసు. ఒకరికొకరు చెప్పుకోరు. ఆమె నా దగ్గర ఆగి "ఏమన్నా అన్నారా అన్నా?" అని అడిగి, నేను లేదంటే ఊపిరి పీల్చుకుని లోపలికి పోయేది.

ఇంతలో దుకాణం ముందు బోర్డు వేలాడదీశారు. పై అంతస్తులో అమ్మడానికి మనుషులు కావలెను అని. అది చూసి ఏడుకొండలు పరుగున వచ్చాడు, నేను కుట్టిన సఫారీ వేసుకుని మరీ. వచ్చినంత వేగంగా బయటికొచ్చి నా బల్ల మీద కూలబడ్డాడు.

"నాకియ్యరంట గంగయ్యా. నువ్వే మానుకుంటివి గదా, నవ్వుతా బట్టలు పట్టుకుంటివి గదా అని సెల్లులో ఫోటో చూపించినాడు కిషోరు."

"మరి ఊరుకున్నావా?"

"నన్ను పంపినప్పుడే మార్కాపురం పోయి లేబరాఫీసులో అడిగొచ్చినా. పని లేదని మనిషిని వాళ్లే తీసేస్తే, మళ్లీ అట్లాంటి పనికి మనుషుల్ని పెట్టుకునేటప్పుడు తీసేసినోన్ని ముందు పిలవాలంట. అది చట్టమంట. తనంతట తాను మానుకున్నోనికి ఏమీ లేదంట." అప్పటికే లోపలి నుంచి వచ్చి నిలబడ్డ మీరావలి వైపు తిరిగి అన్నాడు. "తమ్ముడా, నువ్వు మాత్రం ఆ పళ్లెం ముట్టుకోవద్దు. పైన పనియ్యమని అడుగు."

మీరావలి గోడకు చేరబడ్డాడు. "అడిగితే ఈ రోజే పొమ్మంటే?"

"అడక్కపోతే ఎల్లుండి పొమ్మంటారు. ఏంది తేడా?" అని నేను కసిరాను. అతను ఆ రోజంతా ఒకే చీరను మడిచి విప్పి, విప్పి మడిచి కూర్చున్నాడు.

అడుగుతాడేమోనని నేను రోజూ చూశాను. మెట్ల దాకా పోయి తిరిగొచ్చేవాడు. కిషోరు ఎదురైతే గోడవారకు ఒదిగి దారి ఇచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. జాలీ వేసేది.

ఒక సోమవారం పొద్దున కిషోరు తల బయటికి పెట్టి, "మీరావలి గారూ, మధ్యాహ్నానికి లాల్బీ అత్తను కూడా పిలిపిస్తున్నాం, ఆటో పంపుతున్నాం. గంగయ్యన్నా, నువ్వు టేపు తీసుకుని రా" అన్నాడు.

మధ్యాహ్నం లోపలికి వెళ్లేసరికి శెట్టిగారు పరుపు మీద కూర్చుని ఉన్నారు. తులసమ్మ పక్కన పళ్లెం పెట్టుకుని ఉంది. ఎదురుగా మీరావలి, లాల్బీ. కిషోరు సెల్లు పైకెత్తి పట్టుకున్నాడు.

"కొలతలు తియ్యి గంగయ్యా" అన్నారు శెట్టిగారు.

"ఆయన చెయ్యి చాపనియ్యండి, తీస్తా" అన్నాను. టేపు మెడలోంచి తీయలేదు.

తులసమ్మ పళ్లెం ముందుకు జరిపింది. మీరావలి చేతులు రెండూ తొడల కింద దూర్చుకున్నాడు. నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"అన్నా, నేను మానేస్తానని ఎప్పుడన్నా అన్నానా?" శెట్టిగారిని అడిగాడు. ఆ మాట అతనికే వినిపించినట్టు లేదు, మళ్లీ అన్నాడు. "నేను మానేయడంలే. మీరు తీసేస్తున్నారు. పైన కొత్తోళ్లను పెట్టుకునేముందు నన్ను అడగాల. అది నా హక్కంట."

కిషోరు సెల్లు దించి నా వైపు చూశాడు. "ఎవరు నేర్పించినారు ఈ మాటలు?"

"ఎవరు నేర్పిస్తే ఏందయ్యా, అబద్ధమా?" అన్నాను.

శెట్టిగారి ముఖం వాడిపోయింది. నిజంగానే నొచ్చుకున్నారు, అబద్ధమాడను. "ఇంట్లో మనిషని చూసుకుంటిని గదరా. నా ముందర చట్టాలు తీస్తావా?"

"ఇంట్లో మనిషినైతే బయటికి పంపుతారా అన్నా?"

తులసమ్మ మంచిదే, గొడవంటే భయం. ఆ గొడవ మాన్పడానికని చీర తీసి లాల్బీ వైపు వంగింది. "మగోళ్ల మాటలు మగోళ్లు చూసుకుంటారు. నువ్వు తీసుకో తల్లీ. ఆడబిడ్డవు, కాదనగూడదు." పెద్దముత్తయిదువ చీర పెడితే కొంగు పట్టడం మన ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. లాల్బీ కొంగు దానంతటదే చాచుకుంది. చీర ఒళ్లో పడింది. కిషోరు సెల్లు క్లిక్కుమంది.

"లాల్బీ!" అన్నాడు మీరావలి. ఆ పిలుపుకు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోటో పడింది, అయిపోయింది, ఇక చెయ్యగలిగిందేమీ లేదు అనుకున్నాను.

లాల్బీ ఒళ్లోకి చూసుకుంది. "యా అల్లా" అని పెదవుల్లోనే అనుకుంది. ఒళ్లో పెట్టిన చీర తిరిగి ఇవ్వడమంటే చెంప మీద కొట్టినట్టే. ఆమెకూ తెలుసు. అయినా చీరను తీసి, మడత చెదరకుండా పరుపు మీద పెట్టింది.

"ఈయన జీతమొచ్చినాక నేనే వచ్చి కొనుక్కుంటానక్కా" అంది.

తులసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కిషోరు ఏదో అనబోతే శెట్టిగారు చెయ్యెత్తి ఆపారు. పరుపు మీది చీరను చూసి, మీరావలి వైపు తిరిగారు.

"పైన కూర్చునేది ఉండదు. దినమంతా నిలబడాల. మెట్లు ఎక్కి దిగాల. నీ చేత అయితాదా?"

"అయితాదన్నా."

"ఏదీ, ఎక్కు చూద్దాం."

మీరావలి లేవబోయాడు. భయానికి కాళ్లు బిగుసుకుపోయి లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించి చేతుల మీద పడ్డాడు. కిషోరు తండ్రి వైపు, చూశావా అన్నట్టు చూశాడు. నేను అడుగు వేయబోయేలోగా లాల్బీ అతని రెక్క పట్టుకుని, "లెయ్" అంది. గుంజినట్టే లేపింది. మెట్ల దాకా నడిపించి వదిలేసింది.

అతను కమ్మీ పట్టుకుని ఎక్కాడు. సగంలో ఆగాడు. లాల్బీ నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత అతను పైకి వెళ్లిపోయాడు, మాకు కనిపించలేదు.

అప్పుడు పైనుంచి మీరావలి గొంతు వినిపించింది.

"యాడ నిలబడమంటావు, కిషోరూ?"