లాకు తలుపు దగ్గర కదిలిన మనిషి

తడిసిన అట్టకి ఒక వాసన ఉంటుంది. మొన్నటి వానకి వన్ టౌన్‌లోని మా ఆల్బమ్ ప్రింటింగ్ షాపులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీసి, బురద కడిగి, కింది అరల్లో ఉన్నవన్నీ ఫ్యాను కింద పరిచేసరికి షాపంతా అదే వాసన. అన్నీ పెళ్ళి ఫొటోలే. ఎవరి పెళ్ళో, ఎప్పటి పెళ్ళో తీసిన నాకే గుర్తులేదు. నడుము పట్టేసి స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు వాటి మధ్య ఒక పోస్టుకార్డు కనిపించింది. అంచులు ఉబ్బిపోయాయి. కాలవ గట్టు, గట్టు మీద పొడవాటి దూలం, దూలానికి వీపు ఆనించి మసగ్గా ఒక ఆకారం. ఎవరైనా చూస్తే ఫొటో పాడైందనుకుంటారు. ఆ మసక మా అనసూయ టీచర్.

ఆవిడ కంకిపాడులో మాకు సోషల్ చెప్పేవారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ, అది ఎంతోసేపు నిలిచేది కాదు. ఆవిడ చిన్నప్పుడు చదివిన కాన్వెంట్‌లో ఐర్లాండ్ నుంచి వచ్చిన సిస్టర్ ఒకావిడ పాఠాలు చెప్పేవారట. వయసు మీదపడి స్వదేశం వెళ్ళిపోతూ, తన ఊరి బొమ్మల పోస్టుకార్డులున్న బిస్కెట్ల డబ్బా ఒకటి టీచర్‌కి ఇచ్చి వెళ్ళారు. ఒక వైపు ఫొటో, రెండో వైపు చిరునామాకి చోటు. సంత, వంతెన, రొట్టెల కొట్టు, కాలవ. రాజవంశాల పాఠం మధ్యలో ఆవిడకి విసుగొచ్చినప్పుడల్లా ఆ డబ్బా బయటికొచ్చేది. దాని మీద పరీక్షలో ప్రశ్నలు రావు కాబట్టి మాకూ హాయిగానే ఉండేది.

ఒకరోజు నేనే అడిగాను. "ఐర్లాండ్ మనకెందుకు టీచర్? మన ఊరి గురించి చెప్పొచ్చుగా."

"నువ్వు మన ఊరి బొమ్మ ఒక్కటి పట్టుకురా ప్రసాదూ. ఈ డబ్బాకి అప్పుడే మూత పెట్టేస్తాను," అన్నారు.

మర్నాడు క్లాసంతా ఇళ్ళల్లోని ఫొటోలు ఊడబెరికి తెచ్చాం. అట్ట విమానంలో కూర్చున్న మామయ్యలు, అట్ట చందమామ మీద చెయ్యి వేసుకున్న పిన్నులు, వెనక తెర మీద తాజ్ మహల్. టీచర్ ఒక్కొక్కటే తిప్పి చూసి పకపకా నవ్వారు. "మనుషులు బానే ఉన్నార్రా. ఊరేదీ?" అన్నారు. తర్వాత ఆ నవ్వు తగ్గింది. "వాళ్ళు రొట్టెల బండికీ, మంచినీళ్ళ పంపుకీ కూడా కార్డు వేసుకున్నారు. మనకి దేవుడూ, పెళ్ళీ తప్ప ఫొటో తీసే వస్తువే కనపడలేదు." ఆ మాటకి ఆ రోజు నేనూ నవ్వాను. పెద్దయ్యాక బతుకంతా పెళ్ళిళ్ళే తీశాను.

సంత బొమ్మ చూపించి, ఇందులో పని చేస్తున్నదెవరని అడిగారు మరోసారి. కొట్టు ముందు టోపీలు పెట్టుకుని నిలబడ్డవాళ్ళని చూపించాం.

"కాదు. వాళ్ళు ఫొటోకి నిలబడ్డారు. ఆ రోజుల్లో బొమ్మ సరిగ్గా పడాలంటే కాసేపు కదలకుండా ఉండాలి. తీరికున్నవాళ్ళు ఉన్నారు. ఇదిగో, ఇక్కడ పొగలా ఉందే, ఇదెవరు?" అని వేలు పెట్టారు. కళ్ళు చికిలించి చూస్తే గంప మోస్తున్న ఆడమనిషి. పక్కన తోపుడు బండి, దాన్ని తోస్తూ సగం చెరిగిపోయిన మనిషి. "వీళ్ళకి ఆగే తీరిక లేదు. పుస్తకంలో ఉండేది నిలబడ్డవాళ్ళర్రా. కదిలినవాళ్ళని మీరే వెతుక్కోవాలి."

డబ్బాలో అడుగున ఉండే కార్డుని మాత్రం ఆవిడ మా చేతికిచ్చేవారు కాదు. తనే పట్టుకుని చూపించేవారు. అది అక్కడి కాలవ మీద ఒక లాకు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీటి మట్టం పెంచో తగ్గించో అవతలికి పంపే కట్టడం. మన కాలవల మీదా అలాంటివే ఉండేవి. తలుపుకి బిగించిన దూలాన్ని వీపుతో తోస్తూ ఒక మనిషి, ముఖం లేకుండా మసగ్గా ఉన్నాడు. "మా నాన్న అచ్చం ఇలాగే తోసేవాడు," అన్నారు టీచర్. వాళ్ళ నాన్న కంకిపాడు అవతల లాకు దగ్గర లస్కరు. ధాన్యం పడవలూ, పెంకుల పడవలూ ఆయన తలుపు తీస్తేనే కదిలేవి. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. నాన్నని చూడాలనిపిస్తే ఆవిడ ఆ ఐర్లాండ్ మనిషిని చూసుకునేవారు. అది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను పెళ్ళిళ్ళతో సతమతమవుతున్న రోజుల్లో, టీచర్ ఫోన్ చేశారు. అప్పటికి రిటైరయ్యారు, గుండెకి మందులు వాడుతున్నారు. "లాకు తీసేస్తున్నారయ్యా. కొత్తగా కాంక్రీటుది కడతారట. తీసేలోపు ఒక్క కార్డు కావాలి. మా నాన్న నిలబడ్డ చోటుది." వరసగా ముహూర్తాలు చేసి కళ్ళు మండిపోతున్నా, కారేసుకుని వెళ్ళి ఆవిడని ఎక్కించుకున్నాను.

మేం వెళ్ళేసరికి ఒక తలుపు పోయింది. రెండోది బురదలో కూరుకుపోయి, దూలంతో సహా ఇంకా వేలాడుతోంది. పని చేయిస్తున్న సూపర్‌వైజర్ మమ్మల్ని చూసి, "అమ్మా, తొందరగా కానివ్వండి. గ్యాస్ కట్టర్ వచ్చేస్తోంది," అన్నాడు.

"ఒట్టి దూలం ఎందుకు టీచర్? మీరు పక్కన నిలబడండి," అన్నాను.

ఆవిడ చెప్పులు విడిచారు. కొంగు నడుముకి దోపి, దూలానికి వీపు ఆనించి, మడమలు గట్టులో తన్నిపెట్టి తోయడం మొదలుపెట్టారు. బొమ్మ ఆ పాత కార్డుల్లోలాగే రావాలని, నేను లెన్సుకి నల్ల ఫిల్టర్ బిగించి, కొన్ని సెకన్లపాటు నిదానంగా పడేలా పెట్టి ఉంచాను. తలుపు జానెడు కూడా కదల్లేదు. ఆవిడే ఊగిపోయారు. కెమెరా తెర మీద చూస్తే గట్టు స్పష్టంగా ఉంది, దూలం స్పష్టంగా ఉంది, టీచర్ లేరు, ఒట్టి మసక.

"ఇంకోటి తీస్తానండీ. ఈసారి కదలకండి."

"కదలకుండా ఎలా తోస్తానయ్యా?" అన్నారు రొప్పుతూ.

ఇంతలో కట్టర్ వచ్చింది. మమ్మల్ని పక్కకి జరగమన్నారు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఉన్నది ఒక్క ఫొటో, అదీ పాడైంది. బిక్కమొహం వేసుకుని చూపించాను. టీచర్ కెమెరాని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశారు. "మా నాన్నేనయ్యా," అన్నారు. కళ్ళు తుడుచుకుని, "ఇదే వేయించు," అన్నారు. ఆ కార్డులు పాలవాడికీ, బ్యాంకులో గుమాస్తాకీ, ఎదురైన ప్రతివాళ్ళకీ పంచారు. సిస్టర్ ఊరి పోస్టుమాస్టర్ పేరున కూడా ఒకటి పంపారు. జవాబేమైనా వచ్చిందో లేదో నాతో అనలేదు.

టీచర్ పోయాక ఆవిడ తమ్ముడి కొడుకు షాపుకి వచ్చాడు. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలి, మంచి ఫొటో ఉంటే ఇమ్మన్నాడు. ఈ కార్డు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, "ఇందులో అత్తయ్య ఎక్కడండీ?" అన్నాడు. అతని తప్పేం లేదు. చివరికి ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేసి ఇచ్చాను. ఫ్లెక్సీ మీద టీచర్ కళ్ళు పెద్దవి చేసుకుని, బిగదీసుకుని, కదలకుండా ఉన్నారు. దానికి దండ వేస్తుంటే నాకు ఏడుపాగలేదు.

ఇప్పటికీ ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచుకునేటప్పుడు పెళ్ళివారు, "ఇవి షేకయ్యాయండీ, తీసేయండి," అంటారు. సాంబారు బకెట్‌తో పరిగెత్తే వంటవాడు, అక్షింతల పళ్ళెం పట్టుకుని తోసుకొచ్చే మేనత్త, చెమట తుడుచుకునే డోలు ఆయన. ఆల్బమ్‌లోంచి తీసేస్తాను. కంప్యూటర్‌లోంచి మాత్రం నా చెయ్యి రాదు. అవన్నీ ఏం చేసుకుంటానో నాకూ తెలీదు. ఈ పని మీద విసుగు పుట్టి చాలా కాలమైంది, అయినా ఆ మసకల్ని చూస్తే మానెయ్యబుద్ధి కాదు.

ఫ్యాను గాలికి కార్డు సాయంత్రానికి ఆరింది. గట్టు రంగు కారిపోయింది. కాలవ పోయింది. దూలం సగానికి చెరిగింది. స్పష్టంగా ఉన్నవన్నీ నీళ్ళకి పోయాయి. టీచర్ మాత్రం ఎప్పుడూ ఉన్నంత మసగ్గానే ఉన్నారు, ఇంకా తోస్తూనే ఉన్నారు.