దొర భార్య పేరు

ఈ రోజు మా అరుగు మీద రక్తం పడింది.

నందలూరులో ఒకప్పుడు రైలింజను నడిపిన ఒక ఇంగ్లీషు దొర మనవళ్ళు ఫ్రెడ్డీ, జానీ మా పక్కింట్లో ఉంటారు. తాత పుట్టుక చూపించి ఇంగ్లాండు పౌరసత్వం అడగాలని పెద్దవాడు ఫ్రెడ్డీ అర్జీలు రాసే నా చేత దరఖాస్తు రాయించాడు. దొర భార్య పేరు మేరీ అని రాయమన్నాడు. ఆమె అసలు పేరు ఓబులమ్మ. ఇద్దరినీ సాకింది ఆమే.

సంగతి తెలిసి జానీ రోకలి పట్టుకుని ఉరికొచ్చాడు.

"బతికుండే అవ్వను సంపేసి పోతాండావేంరా?"

"నల్ల అవ్వ ఉండాదంటే వాళ్ళు రానీరురా!"

జానీ ఒక్కటేశాడు. ఫ్రెడ్డీ తల పగిలి దరఖాస్తు తడిసింది. అయినా లేచి తమ్ముడి గొంతు పిసికాడు. ఇరుగుపొరుగు నలుగురం కలిసి విడదీశాం.

ఓబులమ్మ వచ్చి, కొంగు చించి ఫ్రెడ్డీకి కట్టు కట్టి, నా వైపు తిరిగింది.

"ఇంకో కాగితం తీసి వాడు చెప్పినట్లే రాయప్పా. ఈడనే ఉంటే ఒకర్నొకరు సంపుకుంటారు."

రాసిచ్చాను. ఇన్నేళ్ళుగా ఎందరికో అర్జీలు రాశాను గానీ, తన పేరు తీసేయమని అడిగిన మనిషిని ఈ రోజే చూశాను. మీరైతే రాసేవారా?