ముందు కూర్చునే గాలయ్య మామ

మా గాలయ్య మామ ఎక్కడికి వెళ్ళినా ముందు కూర్చుంటాడు. పలకరింపు తర్వాత, పని ఆ తర్వాత. ఇంటివాళ్ళు "రండి" అని నోరు తెరిచేలోపే మామ వాళ్ళ మంచం మీద ఉంటాడు.

హుమ్నాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్తే వరుడికి వేసిన సింహాసనంలో కూర్చున్నాడు. ఫోటోలతను ఫోటో కూడా తీసేశాడు.

"మామా, అది పెళ్ళికొడుకుది!" అన్నాను.

"వస్తె లేస్త. వచ్చిండా?"

గుడిలో హారతి వెలగకముందే స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. ఒకసారి ఫ్రిజ్‌ల దుకాణంలో అట్టపెట్టె మీదే కూర్చున్నాడు. "కాకా, దాంట్ల ఫ్రిజ్ ఉన్నది!" అని సేటు మొత్తుకుంటే, "అందుకే సల్లగున్నది" అన్నాడు.

పోనీ మనిషికి నీరసమా అంటే, జొన్నకర్రలా నిటారుగా ఉంటాడు. మా ఊళ్ళో చిద్రి వాడ నుంచి అంత దూరంలోని కోట దాకా నడిచి వెళ్ళి నడిచే వస్తాడు. మరి ఈ కూర్చునే యావ ఏమిటో ఆ పైవాడికే తెలియాలి అనుకునేవాణ్ణి.

మా వాడ పక్క ఖాళీ స్థలంలో పార్కు కడతామని, ఏమేం కావాలో ప్రజలే చెప్పాలని నగరపాలక సంస్థ వాళ్ళు మీటింగు పెట్టారు. కుర్రాళ్ళు కసరత్తు మిషన్లు అడిగారు, పరుగెత్తే బాట అడిగారు. ప్లానులో అవన్నీ ఉన్నాయి. కూర్చునే చోటే లేదు.

మా బసమ్మ వదిన దాని కోసమే వచ్చింది. మోకాళ్ళు అరిగినప్పటి నుంచి ఆమె లోకం ఇంటి గడప దాకే. పార్కు స్థలం వరకూ నెమ్మదిగా నడవగలదు. అక్కడ కాసేపు కూర్చోకుంటే మాత్రం తిరిగి రాలేదు. అందుకే అసలు బయలుదేరదు. ఆ రోజు ఆటోలో వచ్చి, కుర్చీలు ఖాళీగా ఉన్నా, మా వాడ ఆడవాళ్ళతో పాటు గోడకు ఆనుకుని నిలబడింది.

ఆఫీసరుగారు లోపలికి రాగానే అందరం లేచాం. సరిగ్గా అప్పుడే వచ్చిన మామ కుర్చీలో కూలబడ్డాడు. వెనక ఆడవాళ్ళు కూడా కూర్చున్నట్టు కుర్చీలు కిర్రుమన్నాయి.

"సాబ్ నిలబడె ఉన్నడు గదా మామా!" అని గొణిగాను.

"ఆయన్ను గూడ కూసోమను. ఎవలొద్దన్నరు?"

వదిన వంతు వచ్చింది. కొంగు సర్దుకుని, "యాపచెట్టు కింద గద్దె గావాలె సారూ" అంది.

మాది కన్నడ రాష్ట్రం అంచున తెలుగు వాడ, ఆఫీసరుగారిది దూరాన మండ్య వైపు. వాళ్ళ కన్నడంలో గద్దె అంటే వరిమడి. పాపం ఆయన కళ్ళజోడు తీసి, "పార్కల్లి గద్దెనా? నీరు ఎల్లింద తర్తీరి?" అన్నారు, వరికి నీళ్ళెక్కడివని.

"నీళ్ళెందుకు సారూ, ఇంటికాడ తాగొస్తం" అంది వదిన.

గుమాస్తా శివానంద్ అందుకున్నాడు. "గద్దె అల్ల సర్. కట్టె, కట్టె!"

కన్నడంలో కట్టె అంటే చెట్టు చుట్టూ కట్టే అరుగు. మా వదిన హడలిపోయింది. "కట్టెలెందుకు బిడ్డా? మాకు గ్యాస్ ఉన్నది!"

హాలంతా గొల్లుమంది. వదిన ముఖం చిన్నబోయి తల దించేసింది. మామ లేచాడు, చరచరా ముందుకు వెళ్ళాడు, ఆఫీసరుగారి బల్ల అంచున ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపాడు.

"ఇగో సారూ, గిదీ గద్దె! గిట్ల కూసుంటరు ఆళ్ళు. నొప్పులున్నోళ్ళు."

ఆఫీసరుగారు మంచివారు. నవ్వుతూ ప్లాను మీద వేపచెట్టు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసేశారు.

గద్దె తయారైన సాయంత్రం అలవాటు ప్రకారం మామే ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా కూర్చున్నారు. దర్శనమైన దానిలా వదిన ముఖం వెలిగిపోతోంది. పిల్లలెవరో పిలిస్తే మామ లేచాడు.

అంతే, ఆడవాళ్ళందరూ కొంగులు సర్దుకుంటూ లేవబోయారు. వదిన కూడా రాయి మీద చెయ్యి ఆనించి, పళ్ళు బిగబట్టి సగం లేచింది. ఊరి వరసకు ఆమెకు మామ బావగారు. మిగతా వాళ్ళకు మామగారు. ఆయన నిలబడి ఉంటే వాళ్ళు కూర్చోరు.

మామ అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఏమీ లేదు. ఉన్నచోటే మట్టిలో చతికిలబడ్డాడు.

"కూసున్న! కూసున్న! లేవకుండ్రి!"

వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉంటే మామ నా కాలు పట్టి గుంజాడు.

"నువ్వేందిరా కంబం లెక్క నిలబడ్డవు? ఆ కొత్త కోడండ్లకు నువ్వు గూడ పెద్దోనివే."

ఆ రోజు నేను వేసుకున్నది ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు. అయినా కూర్చున్నాను.