సీటుబెల్టు మీద బురద గీత

ఖమ్మంలో ఒక కార్ల షోరూంలో పదకొండేళ్లుగా నాది ఒకటే పని. కొత్త కారు కొనేవాళ్లు ఎక్స్‌ఛేంజ్ కింద ఇచ్చే పాత కారును పరీక్షించి, దాని స్థితి కాగితం మీద రాస్తాను. దాన్నిబట్టే మేనేజరు ధర చెబుతాడు. మా దగ్గర వదిలిన కారు తర్వాత ఏమవుతుందో చాలామందికి తెలియదు. షోరూం దాన్ని నేరుగా ఎవరికీ అమ్మదు. పదో పదిహేనో పోగయ్యాక బ్రోకరు వచ్చి అన్నీ కలిపి తీసుకుపోతాడు. ఆ పైన అవి ఏ ఊళ్లో తిరుగుతాయో మాకూ తెలియదు.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఒకామె తెల్లరంగు చిన్న కారు తెచ్చింది. ములకలపల్లి దగ్గర సర్కారు దవాఖానాలో నర్సు. కాపురం భద్రాచలంలో. కారు పైకి నిగనిగలాడుతోంది. నేను బానెట్ ఎత్తకముందే ఆమే చెప్పింది.

“మొన్న గోదావరి వచ్చినప్పుడు ఇది రెండు రోజులు నీళ్లల్లనే ఉన్నది సార్. రిపేరు చేపిచ్చిన. నడుస్తది గానీ నాకు నమ్మకం లేదు. మునిగిందని రాసుకోండి.”

అలా చెప్పేవాళ్లు అరుదు. మామూలుగా వాళ్లు దాస్తారు, మేం వెతుకుతాం. సీటుబెల్టును చివరిదాకా లాగి చూశాను. కడిగేవాళ్ల చెయ్యి అందని ఆ కొసన బురద గీత ఎండి ఉంది. బానెట్ కింద వైర్లకు తుప్పు పట్టింది. ఉన్నదున్నట్టు రాశాను.

“కొనుక్కునేటోళ్లకు చెప్తరు కద?” అని అడిగింది.

“చెప్తామమ్మా” అన్నాను. ఆలోచించకుండా అనేశాను.

ఆమె వెళ్లాక మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. “తక్కువ ధరకు ఆమె ఒప్పుకున్నది, అయిపాయె. బ్రోకరుకిచ్చే కాగితంల గిదంతా ఎందుకు? వేరేది రాయి.”

రాశాను. మునిగిన సంగతి లేని కాగితం, కింద నా సంతకం. ఉద్యోగం పోతే పిల్లల చదువు ఏం కావాలని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన బెదిరించలేదు కూడా. ఒక్కసారి కాదని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగు నెలల తర్వాత ఆ నర్సు ఫోన్ చేసింది. కారు కొన్నాయన సర్వీసు పుస్తకంలో ఆమె నంబరు చూసి మాట్లాడాడట.

“బండి నీళ్లల్ల మునిగిందా అమ్మా అని అడిగిండు. అవ్, షోరూంల చెప్పే ఇచ్చిన అన్న. ఆయనకు ఎవ్వరూ చెప్పలేదంట. మీరు చెప్తమన్నరు కద సార్?”

ఆమె కోప్పడలేదు. అతని ఊరు, నంబరు చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆదివారం బయలుదేరాను. అతనిది సారపాక దాటి అడవి దారి పట్టాక వచ్చే చిన్న గూడెం. అతను సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు భద్రాచలంలో డయాలసిస్. బస్సులో కూర్చోలేకపోతోందని ఆ కారు కొన్నాడు. అది మూడుసార్లు అడవి మధ్యలోనే ఆగింది. మూడోసారి పొద్దున చేరాల్సినవాళ్లు సాయంత్రానికి చేరారు. ఆయాసపడుతున్న మనిషిని ట్రాక్టరులో పడుకోబెట్టి తీసుకెళ్లాడట.

నేనెవరో చెప్పాను. కాగితం సంగతీ చెప్పాను. కొట్టినా పడదామనే వెళ్లాను. అతను దడి పట్టుకుని నిలబడ్డాడు.

“తెలిసే రాసిండ్రా?”

“తెలిసే రాసిన.”

“ఈ మాట లోపలికొచ్చి మా ఆమెకు చెప్పండి సార్. తను ఎక్కితేనే బండి ఆగుతాందని, తన రాతనే గట్లున్నదని రోజూ ఏడుస్తది. నేను చెప్తే, ఓదార్చనీకి చెప్తున్ననంటది.”

మంచం మీద కూర్చుని ఉన్న ఆమెకు మొదటి నుంచీ చెప్పాను. బురద గీత గురించి, వైర్లలో పట్టిన తుప్పు గురించి, రెండో కాగితం గురించి. ఆమె నా మొహమే చూస్తూ విన్నది.

“అంటే రోగం బండికి గూడ ముందుగాలనే ఉన్నదన్నట్టు” అంది. నవ్వలేదు. “ఆ నర్సమ్మ పాపం నిజమే చెప్పిందా? ఆమెకు ఫోన్ కలపండి” అంది.

కలిపి ఇచ్చాను. ఎన్నడూ చూసుకోని ఆ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చు, చేతికి వాపు వస్తే ఏం చేయాలి, ఇవే. నేను బయటికి వచ్చి కారు బానెట్ ఎత్తాను.

ఆ నెలలో మూడు ఆదివారాలు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి వైరింగంతా మార్పించాను. ఆ తర్వాత కారు ఆగలేదు. మరుసటి ఎండాకాలంలో ఆమె పోయింది. ఆ సంగతి అతనే ఫోన్ చేసి చెప్పాడు. బండి వల్ల కాదని, జబ్బు ముదిరిందని, దవాఖానాకు వేళకే చేరామని, నేను అడగకముందే చెప్పాడు.