జోసెఫ్ అంకుల్ వ్యాగన్

నిన్న మధ్యాహ్నం ఒక పాత ల్యాండ్ క్రూజర్ బేరం చేస్తూ డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తాను. తడిసిన గోనెసంచీ, ఉప్పు కలిసిన వాసన గుప్పుమంది. తెనాలిలో మా నాన్న కిరాణా కొట్లో, వానాకాలం ఉప్పు బస్తా కింద ఇదే వాసన ఉండేది. అయినా నాకు గుర్తొచ్చింది నాన్న కాదు, జోసెఫ్ అంకుల్.

ఎనభైల చివర్లో నేను సిడ్నీలో దిగేసరికి ఆయన క్వేకర్స్ హిల్‌లో ఇంటి వెనక షెడ్డులో కార్లు బాగుచేస్తుండేవారు. గుంటూరు మనిషి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి తన ల్యాండ్ క్రూజర్ వ్యాగన్‌లోనే తెచ్చేవారు. నన్నూ అలాగే తెచ్చారు. నాకు మాటలు తప్ప పని రాదని మొదటి వారంలోనే కనిపెట్టి కూడా పక్కన నిలబెట్టుకుని ఆ బండి వంశచరిత్ర చెప్పారు. "మొదట్లో ఇది జీపులాంటిదయ్యా, ఎక్కితే నడుం విరిగేది. తర్వాత పిల్లాజెల్లా పట్టేట్టు పొడుగు చేశారు. గుండ్రటి లైట్లది నాది. మొన్న నలుచదరం లైట్లు పెట్టారు, కింద మాత్రం అవే కమాను పట్టీలు." తొంభైలో పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులతో కొత్తది వస్తే, షోరూములో దాని కిందికి దూరి చూసి, ప్యాంటు దులుపుకుంటూ లేచి, "మెత్తబడిపోయింది, నాలాగే," అన్నారు.

ఆయనకో అలవాటు. ఏ బండి అమ్మినా దాని లోపాలన్నీ ముందు తానే చూపించేవారు. కార్పెట్ ఎత్తేవారు. జేబులోంచి అయస్కాంతం తీసి రేకు మీద నడిపేవారు. తుప్పు కన్నాన్ని పుట్టీతో పూడ్చినచోట అది అంటుకోదు. "ఇదేం వ్యాపారం అంకుల్? బియ్యంలో రాళ్లు ఏ కొట్టువాడైనా ముందే చూపిస్తాడా?" అన్నాను.

"అట్టాంటి కొట్టు నువ్వు చూళ్లేదు, అంతే."

చక్కెర జబ్బుతో చూపు మందగించాక ఆయన తన వ్యాగన్ నాకే ఇస్తానన్నారు. "నాకు ముందు దీన్ని ఒకడు చేపల కోసం సముద్రం ఒడ్డున తిప్పాడు. తప్పు బండిది కాదు, ఉప్పు కడగనోడిది. ఇదిగో, ఛాసిస్ ఈ మూల తుప్పు తినేసింది. వెల్డింగ్ పెట్టకుండా ఎవరికీ ఇవ్వబాక." ఆయన చూపిన ప్రతి మచ్చకూ నేను ధర తగ్గించి అడిగాను. ఆయన తగ్గారు. "పోన్లే, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే."

రెండు నెలలకే అమ్మేశాను. ఆ మూల పుట్టీ కూరి నల్లరంగు కొట్టాను. కొన్నది రూతమ్మ గారు, ఆయన చర్చికి వెళ్లే నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. నేను ఒక్క మాటే అన్నాను: "జోసెఫ్ అంకుల్ బండండీ." అబద్ధం కూడా కాదు. ఆవిడ కార్పెట్ ఎత్తలేదు.

రిజిస్ట్రేషన్ తనిఖీలో మెకానిక్ ఆ మూల స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడిదాకా దిగిందట. ఆవిడ నేరుగా అంకుల్ ఇంటికి వెళ్లింది. ఆయన నా పేరెత్తలేదు. "నా బండే కదమ్మా, నేను చూస్తాను," అన్నారు. ఇక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండలో, ఆ చూపుతో, దాని కింద పడుకుని వెల్డింగ్ చేశారు. విషయం తెలిసి నేను పరుగెత్తుకెళ్లేసరికి కాళ్లు మాత్రమే బయట కనిపిస్తున్నాయి.

"అంకుల్, బయట చేయిస్తాను. లేవండి."

"వద్దులే. బల్లమీద అయస్కాంతం ఉంది, పట్టుకెళ్లు."

"నాకెందుకంకుల్?"

"నాకింక కనబడదు. నీకు కళ్లున్నాయిగా."

తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే, "బాగున్నారా అండీ," అని కొత్తవాళ్లతో చేసినట్టే చెయ్యి కలిపేవారు. తిట్టి ఉంటే క్షమాపణకు బేరమాడేవాణ్ని. ఆ అవకాశం ఇవ్వకుండానే పోయారు.

ఇప్పుడు నాకూ కార్ల యార్డు ఉంది. కొనేవాళ్లకు ముందు నేనే కార్పెట్ ఎత్తుతాను, అయస్కాంతం నడిపి లోపాలు చూపిస్తాను. "హానెస్ట్ బ్లోక్", నిజాయితీ గల మనిషి, అంటారు, బేరమాడకుండా కొంటారు. ఆయన నష్టపడి చేసిన పని నా చేతిలో మంచి కిటుకైంది. నిన్న నేను బేరమాడిన ల్యాండ్ క్రూజర్ యజమాని ఒక ముసలాయన. తుప్పు చూపిస్తే ముఖం చిన్నబుచ్చుకుని, అడిగినంత తగ్గించాడు. అంకుల్ ఇచ్చిన ఆ అయస్కాంతం తుడిచి జేబులో వేసుకున్నాను. ఇన్నేళ్లయినా దాని పట్టు ఏమీ సడలలేదు.