దర్జీ తొట్టెలో జబ్బు

ఇరవై ఆరేళ్లు క్షయ ఆసుపత్రి ల్యాబులో తెమడ పరీక్షలు చేసి రిటైరైన మనిషి ఆవిడ. ఊరికే కూర్చోవడం చేతగాక, ఆసుపత్రివాళ్లు పారేయబోయిన పాత మైక్రోస్కోపును ఇంటికి తెచ్చుకుని పెంపుడు చేపల జబ్బులు చూడసాగింది. ఏడాది తిరిగేసరికి వీధిలో అందరికీ చేపల డాక్టరమ్మ అయి కూర్చుంది. "చేపకు నాడి ఎక్కడుంటుందే?" అని భర్త ఆటపట్టించేవాడు.

ఎదురు వరసలో దర్జీ కొట్లో ఓ గాజు తొట్టె, అందులో ఆరు బంగారు చేపలు. వాటిని చూస్తూ పిల్లలు కొలతలకు కదలకుండా నిలబడతారని పెట్టుకున్నాడు. ఒకరోజు తోక చీలికలైన చేపను సీసాలో వేసి తెచ్చాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. ఆవిడ సీసాను వెలుగుకేసి పట్టి చూసింది, అంతే.

"తోక కుళ్లు తమ్ముడూ. ఉప్పునీళ్లలో ఉంచు. తొట్టె ఖాళీ చేసి రాళ్లు బాగా తోము."

మైక్రోస్కోపు మీది గుడ్డయినా తీయలేదు.

మూడు నెలలకు అతను మళ్లీ వచ్చాడు. ఈసారి సీసాలోని చేపకు వెన్ను వంకరపోయింది, పొట్ట లోపలికి పీక్కుపోయింది.

"తిండి తింటూనే చిక్కిపోతున్నాయక్కా. ఇప్పటికి రెండు పోయాయి."

మాట్లాడుతుండగానే అదీ పోయింది. ఆవిడ కోసి చూసింది. కాలేయం నిండా తెల్లటి నూకల్లాంటి గింజలు. వాటిని గాజు పలక మీద పూసి, రంగు వేసి, కాచి, కడిగి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. నీలం మధ్యలో సన్నటి ఎర్ర పుల్లలు. ఉద్యోగమంతా వాటిని లెక్కపెడుతూనే గడిపింది. ఇవి మనుషుల క్షయ క్రిములకు దాయాదులు.

అప్పుడు కనిపించింది, అతని కుడి చూపుడు వేలికి చుట్టిన గుడ్డ.

"ఏమైంది వేలికి?"

"సూది గుచ్చుకుందనుకున్నా. రెండు నెలలైనా మానట్లేదు. మందుల షాపతను గోళీలిచ్చాడులే."

విప్పించింది. ఊదారంగు బుడిపె. అక్కణ్ణుంచి మోచేతి దాకా వరసగా మరో మూడు.

"రాళ్లు తోమినప్పుడు చేతులకు తొడుగులు వేసుకున్నావా?"

"లేదక్కా. మీరు బాగా తోమమన్నారని గోళ్లతో గీరి మరీ తోమాను."

సూదేలే అని తను ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది చేపల నుంచే వచ్చింది. తప్పు నాది. ఆ రోజే చూడాల్సింది. చూడలేదు."

అతను గుడ్డ మళ్లీ వేలికి చుట్టుకున్నాడు. "మిగతా మూడింటికీ మందుందా?"

"వాటికి లేదు. నీకుంది."

ఆ సాయంత్రం ఆవిడ కొట్టుకెళ్లి, తొడుగులు వేసుకుని, మూడు చేపలనూ బాధ లేకుండా పోయేలా లవంగ నూనె కలిపిన నీళ్లలోకి వదిలింది. అవి కదలడం మానేదాకా పక్కనే నిలబడి, తర్వాత తొట్టెను బ్లీచింగుతో కడిగింది. మర్నాడు అతన్ని తను పనిచేసిన ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లి, డాక్టరు ముందు పలక పెట్టి, జరిగిందంతా తన నోటితోనే చెప్పింది.

ఎనిమిది నెలలు మందులు మింగాడు. పుండ్లు మానాయి. వేలి కణుపు మాత్రం బిగుసుకుపోయి మళ్లీ వంగలేదు. సూది పట్టు దొరకదు, కాజా కుట్టలేడు. ఇప్పుడు మిషను మీద భార్య కూర్చుంటుంది. అతను కొలతలు తీస్తాడు.

ఆవిడను అతను ఒక్క మాటా అనలేదు. "బాగున్నారా అక్కా?" అని ఇదివరకటిలాగే పలకరిస్తాడు. అతని భార్య మాత్రం మిషను మీంచి తలెత్తదు.