సైరన్ మోగినా లేవని పంతులమ్మ

మా బాలబడి పంతులమ్మ మొన్న ఆదివారం పోయింది. నా చిన్నప్పటి దోస్తు పోశవ్వ ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిందట, కష్టపడలేదట" అన్నది. ఆ మాట వినంగనే నాకు వచ్చింది ఏడుపు గాదు, భయం. ఇన్నేండ్లు ఎక్కడ జంకినా, దవాఖానల గానీ, ఆఫీసుల పెద్దసారు ముందట గానీ, ఆమె ఉన్నది కదా అనే ధైర్యం మనసుల ఒక మూలకుండె. ఇప్పుడది లేదు.

ఆమె గురించి చెప్పాలంటే ముందుగాల మా కాలనీ భయాలు మీకు చెప్పాలె. గోదావరి దిక్కు, ఆదిలాబాదు జిల్లాల, బొగ్గుబాయిల కాలనీ మాది. అరవైలల్ల ముచ్చట. బాపు బాయిల దిగి బొగ్గు తవ్వేటోడు. షిఫ్టు మారినప్పుడల్ల సైరన్ మోగేది, అదే మాకు గడియారం. యాళ్లగాని యాళ్ల మోగిందంటే మాత్రం బాయిల ఏదో అయినట్టు. ఆడోళ్లు పొయ్యి మీదిది పొయ్యి మీదనే ఇడిసి ఉరికేటోళ్లు. నేను మా అవ్వ కొంగు పట్టుకొని ఎంబడి ఉరికేదాన్ని.

బాయి భయంతోని బతుకుడు తన బిడ్డకు వద్దని అవ్వ పట్టు. దానికి చదువొక్కటే తొవ్వ అనుకున్నది. మా దగ్గర మంచి బడి అంటే మిషనోళ్ల ప్రైవేటు బడి. ఒకటో తరగతిల చేర్చుకునే ముందు హెడ్‌మిస్ట్రెస్ పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడేది. తల్లి బయటనే ఉండాలె. ఆఫీసర్ల పిల్లలకు క్లబ్బుల నర్సరీ ఉండె. ఆడికెళ్లి వచ్చినోళ్లు పటపట జవాబులు చెప్పి చేరిపోయేటోళ్లు. బాయి పనోళ్ల పిల్లలు తల్లి కొంగు ఇడువక, నోరు తెరువక ఎనుకకు వచ్చేటోళ్లు. "పిల్లకు ఇంకా బడి వయసు రాలేదు" అని పంపిచ్చేటోళ్లు. ఆ మాట పడి వచ్చిన ఇంట్ల ఆనాడు ఎవ్వరూ సరిగ్గ తినకపోయేది.

ఆ బాధ చూడలేక పంతులమ్మ బాలబడి పెట్టింది. ఆమెది పెద్దపల్లి దిక్కు పల్లె. భర్త మా బాపు దిగే బాయిలనే సర్దారు, పనోళ్ల మీద పెద్ద. చర్చి పక్క గది అడిగి తీసుకొని, సాపలు పరిచి మమ్ముల కూసోబెట్టింది. మా నాయనమ్మ "మతంల కలుపుకుంటరేమో" అని జంకితే అవ్వ, "అదంత తర్వాత చూద్దాం అత్తా, ముందైతే పిల్ల నోరు తెరువనీ" అన్నది.

అక్షరాల కన్న ముందు పంతులమ్మ మాకు అవ్వ లేకుంట కూసునుడు నేర్పింది. మొదలు తల్లులను గూడ గదిలనే కూసోబెట్టేది. తర్వాత గడప దగ్గర. ఆ తర్వాత కిటికి అవతల. ఒకనాడు చూస్తే తల్లులు లేరు, మేము ఏడుస్తలేము.

ఏ పిల్లతోనైనా ఆమె నిలబడి మాట్లాడంగ నేను చూడలే. చీర దుమ్మైతదన్న ఫికర్ లేకుంట కింద కూసునేది, మా కండ్లకు ఆమె కండ్లు సమానంగ వచ్చేదాక వంగేది. హెడ్‌మిస్ట్రెస్‌ది కోస్తా దిక్కు. "కూర్చో, ఎక్కడ చూస్తున్నావు" అంటే మాకు కోపం చేసినట్టే వినవడేది. అందుకే పంతులమ్మ ప్రతి మాటా రెండు తీర్ల అనిపించేది. "ఇంట్ల కూసో, ఆడ కూర్చో. రెండూ మాటలే బిడ్డా, ఏదీ తప్పు గాదు."

నేను అందరికన్న ఎక్కువ జంకేదాన్ని. ఒకనాడు నా గదుమ పట్టుకొని అన్నది: "భయమైతే దాసుకోకు. నాకు భయమైతున్నదని చెప్పు. అదిగూడ జవాబే."

బడిల చేర్చే రోజు మమ్ముల, మా తల్లులను తీసుకొని ఆమెనే వచ్చింది. వరండల పొడుగు బల్ల మీద కూసున్నం. పక్కింటి పోశవ్వ గూడ వాళ్లవ్వతోని వచ్చింది. పోశవ్వ నాకన్న హుషారు, గని సంకల తమ్ముణ్ణి ఎత్తుకోవాలె గనుక బాలబడికి రాలే. దాన్నే ముందు పిలిచిండ్రు. వాళ్లవ్వ చెయ్యి ఇడిపియ్యంగనే అది పెట్టిన కేక నాకు ఇప్పటికీ యాదికున్నది. లోపలికి పోనే పోలే. వయసు రాలేదన్నరు.

తర్వాత నేను. పెద్ద బల్ల, దాని ఎనుక హెడ్‌మిస్ట్రెస్. పేరడిగితే చెప్పిన. "మీ నాన్న ఏం చేస్తారు?" అన్నది.

అప్పుడే సైరన్ మోగింది. అది షిఫ్టు యాళ్ల గాదు.

బయట బల్లలు జరిగిన చప్పుడు. కిటికిలకెళ్లి చూస్తే తల్లులంత ఉరుకుతున్నరు, అండ్ల మా అవ్వ. ఒక్కసారి గూడ నా దిక్కు తిరుగలే. అప్పుడు పంతులమ్మ కనవడ్డది. ఆమె భర్త గూడ ఆ షిఫ్టులనే ఉన్నడని మా అందరికి ఎరుకే. రెండు చేతులతోని బల్ల అంచు పట్టుకొని కూసున్నది. పెదవులు కదులుతున్నయి. పిల్లలంత ఆమె చుట్టు చేరిండ్రు. ఆమె లేవలే.

"చెప్పమ్మా, మీ నాన్న ఏం చేస్తారు?" హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ అడిగింది.

"నాకు భయమైతున్నది. మా బాపు బాయిల ఉన్నడు" అన్న.

ఆమె ఇంకేం అడుగలే. నా చెయ్యి పట్టుకొని వరండలకు తెచ్చి, తను గూడ మా బల్ల మీదనే కూసున్నది. ఎంతసేపట్కో అవ్వ వచ్చి, "బాపు పైకచ్చిండు" అని నన్ను గట్టిగ పట్టుకున్నది. బాయిల పైకప్పు కూలిందట. ఇద్దరు పోయిండ్రు. పంతులమ్మ భర్తను పాణంతోనే తీసిండ్రు గని నడుము నుజ్జయింది. ఆ ముచ్చట తెలిసినంక గూడ ఆఖరి పిల్ల తల్లి వచ్చేదాక ఆమె కదలలే. తర్వాత గేటు దాక నడిసింది. గేటు దాటినంక ఉరికింది.

పెద్దగైనంక ఒకసారి అడిగిన, "ఆనాడు నీకు భయం కాలేదా పంతులమ్మా?" అని.

"కాకుంట ఎట్లుంటది బిడ్డా? నేను లేస్తే మీరంత లేస్తరని కూసున్న" అన్నది.

ఆమె భర్త బతికిండు గని మల్ల బాయి దిగలే. బాయి మీదనే, దిగేటోళ్లకు దీపాలిచ్చే లాంపురూముల పనిచ్చిండ్రు. మిగిలినోళ్లను మల్లొకనాడు పిలిచి మాట్లాడిండ్రు, బాలబడి పిల్లలం అందరం బడిల చేరినం. పోశవ్వ ఒక్కతే చేరలే. భర్త దవాఖానల ఉండంగనే పంతులమ్మ హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పోయి, "దానికి తెలివి లేక గాదమ్మా, అలవాటు లేక. ఒక్క ఏడాది నా దగ్గర ఉంచుకుంట, మల్ల చూడుండ్రి" అన్నదట. పోశవ్వతోని, "తమ్ముణ్ణి గూడ ఎత్తుకరా" అన్నది. ఏడాది తిరిగినంక పోశవ్వ గూడ చేరింది. పెద్దగై ఎన్నో ఏండ్లు నర్సుగ పనిచేసింది.

మా బడి మొదలైన మొట్టమొదటి రోజు మమ్ముల గేటు దాక తోలియ్యనీకి పంతులమ్మనే వచ్చింది. లోపలికి ఆమె రాలే, రోడ్డు అవతలనే నిలబడ్డది. మేము గేట్ల నిలబడి ఎనుకకు తిరిగి చూసినం. మాకూ ఆమెకూ నడుమకెళ్లి బొగ్గు లారీ ఒకటి పోయింది. నల్లటి దుమ్ము లేసి ఆమె కనవడకుంట అయింది. ఎవ్వరం కదలలే. దుమ్ము మెల్లగ దిగినంక చూస్తే, ఒక చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని, ఇంకో చేతితోని లోపలికి పోండ్రి, పోండ్రి అని ఊపుతున్నది.